సరుగుడు కట్టె లారీ మీద దావా

“నేను వేలిముద్ర వెయ్యను. ఎన్నిసార్లు చెప్పాలమే నీకు?”

“వెయ్యొద్దులే. రేపట్నించి గంప నెత్తిన పెట్టుకోని ముత్తుకూరు బజారుకు నువ్వే పో. కుంటుకుంటానే పో.”

“పోతా. నేనేమన్నా పోనన్నానా?”

“మంచం దిగి పొయ్యి కాడికి వచ్చేదానికే గోడ పట్టుకుంటుండావు. ముత్తుకూరు దాకా ఏ గోడ పట్టుకోని పోతావు?”

“నోరు అదుపులో పెట్టుకో.”

“నాకెందుకు. ఆ డ్రైవరు శనివారం ఎట్టాగూ వస్తాడు గదా, పూలదండ నేను తెస్తా. నువ్వు వెయ్యి.”

“నన్నెన్నన్నా అను. ఆయన్ని అనొద్దు.”

అప్పటికి దీపాలు పెట్టే వేళ అయింది. నేను ఇంకా దీపం వెలిగించలేదు. పోట్లాడుకోవడానికి వెలుగెందుకు, కిరసనాయిలు దండగ. మా అత్త గడప దగ్గర కూర్చుని, ఆ కాస్త వెలుతురులోనే తెగిన వలకు ముడులు వేస్తూ ఉంది. ఆమె మా ఇద్దరి మాటలూ వింటున్నదో లేదో తెలియదు. మర్నాడు గడువు ఆఖరి రోజు. ఆ రోజు మా ఆయన నెల్లూరు పోయి ప్లీడరుగారి దగ్గర దావా కాగితాల మీద వేలిముద్ర వేయకపోతే, లారీ కొట్టి విరిగిన ఆ కాలికి ఇంక ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

మాది ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న కుప్పం, చేపలు పట్టేవాళ్ల పల్లె. అందరమూ చేపల మీద బతికేవాళ్లమే. నాకు పెళ్లయిన కొత్తల్లో, అంటే అరవయ్యో సంవత్సరం అటూ ఇటూగా, మా కుప్పంలో సైకిలు ఉన్న కొద్దిమందిలో మా ఆయన ఒకడు. ఆయన పడవెక్కడం తక్కువ. తెల్లవారుజామున వలలు ఒడ్డుకు రాగానే చేపలు గంపకెత్తి, సైకిలు వెనక కొబ్బరితాడుతో బిగించి, నెల్లూరు దాకా తొక్కుకుంటూ పోయేవాడు. ఎండ ఎక్కితే చేప మెత్తబడుతుంది. మెత్తబడిన చేపను ఇళ్లవాళ్లు వేలితో నొక్కి చూసి తిప్పి పంపుతారు. అందుకని దారిలో టీ తాగడానికి కూడా ఆగేవాడు కాదు. ఆ టీ డబ్బులు మిగులుతాయి కదా అని నేనూ ఏమీ అనేదాన్ని కాదు.

అదే రోడ్డున సరుగుడు తోటల నుంచి మద్రాసుకు వంటకట్టె వేసుకుని లారీలు పోయేవి. తొట్టి నిండినా ఊరుకోరు. పైకి ఎంత ఎక్కుతుందో అంత ఎక్కించి, పక్కలకు కూడా మొద్దులు పొడుచుకు వచ్చేటట్టు నింపి తాళ్లు కట్టేవాళ్లు. ఒకనాడు పొద్దున అట్లాంటి లారీ ఒకటి మా ఆయన్ను దాటిపోతుంటే, బయటికి వచ్చిన మొద్దు కొస గంపకు తగిలింది. గంపతో సైకిలు, సైకిలుతో మనిషి రోడ్డు పక్కకు పడ్డారు. సైకిలుకూ మైలురాయికీ మధ్య కాలు పడి మోకాలి కింద విరిగింది.

డ్రైవరుకు తగిలిన సంగతే తెలియలేదు. కొంత దూరం పోయాక అద్దంలో చూస్తే రోడ్డు మీద చేపలు మెరుస్తూ కనిపించాయట. బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడు. వెంకటాచలం వైపు మనిషి, మా నాయన వయసు ఉంటుంది. మా ఆయన్ను ఎత్తి తన సీటు పక్కన పడుకోబెట్టుకుని, మద్రాసు పోవలసిన బండిని నెల్లూరు పెద్దాసుపత్రికి తోలాడు. రోడ్డు మీద పడ్డ చేపలు ఏరి గంపలో వేసుకురావడం కూడా మరిచిపోలేదు. ఆ తర్వాత శనివారం శనివారం మా ఇంటికి వచ్చేవాడు. నాలుగు బత్తాయిలు చేతిలో పెట్టుకుని, తలుపు దగ్గర చెప్పులు విడిచి, కట్టు కట్టిన కాలి వైపు చూస్తూ కూర్చునేవాడు. మా అత్త ఆయనకు అన్నం పెట్టేది. ఆయన కంచంలో మెతుకు మిగల్చకుండా తినేవాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

కట్టు విప్పాక కాలు వంకరగా అతుక్కుని ఉంది. నడవడం వస్తుంది గానీ బరువుతో సైకిలు తొక్కడం ఇంక కుదరదని డాక్టరు చెప్పాడు. అప్పటికే నేను గంప నెత్తికెత్తుకున్నాను. మొదట ముత్తుకూరు బజారులో కూర్చున్నాను. అక్కడ మా కుప్పం ఆడవాళ్లే చాలామంది, బేరం పంచుకోవాలి. అందుకని వారానికి రెండుసార్లు బస్సెక్కి, మా ఆయన వాడుకగా చేపలు పోసే నెల్లూరు ఇళ్లకు పోయేదాన్ని. బస్సులో గంప పైన పెట్టనివ్వరు, లోపల పెట్టనివ్వరు. కండక్టరుతో పోయినప్పుడల్లా గొడవే.

ఆ ఇళ్లలో ఒకటి కిరస్తానీ ప్లీడరుగారిది. ఆయన భార్య నన్ను చూసి, “మీ ఆయన రావడం మానేశాడే, ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది. చెప్పాను. ఆమె లోపలికి పోయి ప్లీడరుగారిని వరండాలోకి పిలుచుకువచ్చింది. ఆయన నన్ను మెట్టు మీద కూర్చోమని, మొదటినుంచి చెప్పమన్నాడు. నేను చెప్పినంతసేపూ గంప మీద తడిగుడ్డ ఆరిపోతున్నదనే నా దిగులు.

“మోటారు బండ్లు కొట్టి దెబ్బలు తగిలిన వాళ్ల కోసం ఇప్పుడు వేరే విచారణ పెట్టినారమ్మా. జిల్లా జడ్జిగారి దగ్గరే. నడిచేవాళ్లయినా సైకిలు వాళ్లయినా అర్జీ పెట్టుకోవచ్చు. ఇది జైలు కేసు కాదు. నీ మొగుడు సంపాదన పోగొట్టుకున్నాడు, దానికి పరిహారం ఇప్పించమని అడగడం.”

“ఎవరిస్తారయ్యా?”

“లారీ యజమాని. ఆయన బండికి ఇన్సూరెన్సు కట్టి ఉంటాడు కాబట్టి ఆ కంపెనీ.”

“మమ్మల్ని ఎరగని కంపెనీ మాకెందుకిస్తుందయ్యా?”

“ఇవ్వాలని అనుకోదు. ఇప్పించుకోవాలి. పోలీసులకు మీ ఆయన ఏం చెప్పినాడు?”

దాచి లాభం లేదని అది కూడా చెప్పాను. ఆసుపత్రికి హెడ్డు కానిస్టేబులు వచ్చి అడిగితే, మా ఆయన, “తప్పు ఎవరిదీ కాదు సార్. నన్ను ఒడ్డుకు తెచ్చిన మనిషి ఆయన. ఆయన మీద ఏం రాయొద్దు” అన్నాడు. హెడ్డుకు రాసే పని తప్పింది, సంతోషంగా పోయాడు.

ప్లీడరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒడ్డుకు తెచ్చేదేందమ్మా, పడింది రోడ్డు మీద గదా?”

మా వాళ్లకు అది వేరుగా కనపడదని ఆయనకు ఎట్లా చెప్పేది? సముద్రంలో ఒక పడవ ఇంకో పడవను తగిలినా, వల కోసినా, నీళ్లలో పడిన మనిషిని ఎవరు పైకి లాగారో వాళ్ల మీద మా కుప్పం పెద్దల ముందు ఫిర్యాదు చేయకూడదు. అట్లా చేస్తే రేపు ఎవరూ చెయ్యి అందివ్వరని ఆ కట్టుబాటు. మా ఆయన ఆ కట్టుబాటును తారు రోడ్డు మీదికి తెచ్చి పెట్టాడు.

“సరే. అనేసినాడు, ఇంకేం చేస్తాం. నిజం మొత్తం ఇప్పుడు అర్జీలో చెప్పాలి. కట్టె బయటికి పొడుచుకోనుండింది, డ్రైవరు చూసుకోకుండా దాటినాడు అని.”

“డ్రైవరు పేరు లేకుండా యజమాని మీద ఒక్కటే పెట్టకూడదా అయ్యా?”

“కుదరదు. డ్రైవరు తప్పు చేసినాడంటేనే యజమాని జవాబు చెప్పాల్సి వస్తుంది.”

“అయితే నేను సంతకం పెడతా. మూడో తరగతి దాకా చదివినాను, నా పేరు రాయగలను.”

“దెబ్బ తగిలింది నీకు కాదు గదమ్మా” అన్నాడు ఆయన. గడువు ఎప్పటికి తీరుతుందో చెప్పి, ఆలోగా మా ఆయన్ను తీసుకురమ్మన్నాడు. ఫీజు సంగతి తర్వాత చూద్దామన్నాడు. తర్వాత చూద్దామనే మాట నాకు ఎప్పుడూ భయమే.

ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు నుంచి మా ఆయన ఒకటే పాట. డ్రైవరు పేరు పెట్టేదానికి లేదు. పెడితే యజమాని ఆయన్ను పనిలోంచి తీసేస్తాడు, ఆ వయసులో ఇంకెవరు స్టీరింగు ఇస్తారు అని. నేను బతిమాలాను, తిట్టాను, రెండు రోజులు మాట్లాడకుండా చూశాను. ఒళ్లంతా అలసట. నెత్తి మీద గంప దింపేసరికి మెడ తిరిగేది కాదు. ఆయనతో పోట్లాడే ఓపిక కూడా ఆఖరి సాయంత్రానికి వచ్చేసరికి అడుగంటింది. మొదట చెప్పిన ఆ మాటలన్నీ ఆ సాయంత్రం అనుకున్నవే.

“నువ్వైనా చెప్పత్తా నీ కొడుక్కు” అన్నాను చివరికి. చెబుతుందని కాదు. ఆమె అప్పటిదాకా కొడుకు పక్కనే ఉంది. డ్రైవరుకు అన్నం పెట్టిన చెయ్యి ఆమెది.

మా అత్త వల ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. “అబ్బయ్యా, మీ నాయన వల కోసింది ఎవురు?”

“దక్షిణం కుప్పం పడవ. తెలిసిందే గదమ్మా.”

“మీ నాయన్ని నీళ్లలోంచి లాగింది?”

“ఆ పడవోళ్లే.”

“వాళ్లని మనం పెద్దల కాడికి లాగలా. నిజమే. పడవ గలాయన్ని మాత్రం పిలిపించినాము. ఆయన ఆ పడవ ఎక్కనే లేదు, ఇంట్లో పండుకోనుండాడు. అయినా వల ఇప్పించినారు. అప్పుడు ఆ పడవోళ్లు కూడా వచ్చి, మా తాడే తగిలిందయ్యా అని నలుగురిలో చెప్పి, మనింట్లో సంగటి తినిపోయినారు.”

“కుప్పంలో చెప్పేది వేరు. కోర్టులో చెప్పేది వేరు.”

“వేరేనంట. కోర్టులో కుర్చీలుంటాయంట.”

నాకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. మా ఆయన కూడా నవ్వలేదు.

“ఆయన పని పోతే, అమ్మా?”

“పోవచ్చు” అంది ఆమె. “నీది పోయింది గదా. నువ్వు మంచంలో ఉండావు, ఇది గంప మోస్తుంది. దానికి కడుపు పండితే ఎవురు మోస్తారు? నేనా?”

ఆమె నా తరఫున మాట్లాడటం ఆ ఇంట్లో నేను వినడం అదే మొదలు. సంతోషించే ఓపిక కూడా నాకు లేదు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను దీపం వెలిగించి, సంగటి వడ్డించాను. ఆయన తినలేదు. ఆ ముద్ద నీళ్లలో వేసి పొద్దుటికి ఉంచాను.

మర్నాడు నేను లేచేసరికి ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉతికిన చొక్కా తొడుక్కుంటున్నాడు. చేపల బండి మీద ముత్తుకూరు దాకా పోయి, మొదటి బస్సెక్కాము. ఆ రోజు గంప లేదు కాబట్టి కండక్టరు నన్ను గుర్తుపట్టలేదు.

ప్లీడరుగారి గుమాస్తా అర్జీ చదివి వినిపించాడు. డ్రైవరు పేరు వచ్చిన చోట మా ఆయన చెయ్యి ఎత్తాడు.

“ఆయన వెనక్కి తిరిగొచ్చి నన్ను ఎత్తుకోని ఆసుపత్రికి తెచ్చినాడని రాసినారా?”

“అది అవసరం లేదు” అన్నాడు గుమాస్తా.

“నాకు అవసరం. అది రాస్తేనే వేస్తా.”

గుమాస్తా ప్లీడరుగారి వైపు చూశాడు. ప్లీడరుగారు, “రాయి, రాయి. మంచిదే గదా. లారీ తగలకపోతే డ్రైవరు బండి తిప్పుకోని ఎందుకొస్తాడు? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల. ముందు ఈ మాటే పెట్టు” అన్నాడు.

మా ఆయన ప్లీడరుగారి ముఖం వైపు చూశాడు. మా ఆయన ఆ మాట రాయించాలనుకున్నది డ్రైవరు మంచితనం చెప్పడానికి, ఆయన తప్పు పట్టివ్వడానికి కాదు. అది నాకు తెలుసు, ప్లీడరుగారికి తెలియదు. గుమాస్తా రాయడం ముగించి సిరా దిండు ముందుకు జరిపాడు. మా ఆయన చాలాసేపు బొటనవేలు చూసుకున్నాడు. నేను పైట కొంగుతో ఆ వేలు తుడిచాను. ఆయన చెయ్యి లాక్కోలేదు. సిరాలో అద్ది, చూపించిన చోట్లన్నీ వేశాడు.

గుమాస్తా కాగితాలు చంకలో పెట్టుకుని సైకిలెక్కి కోర్టుకు పోయాడు. మేము ముత్తుకూరు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాము. బస్సు వచ్చేదాకా ఆయన బొటనవేలి సిరాను పంచె కొసకు తుడుచుకుంటూనే ఉన్నాడు.