నీళ్లు తాగిన జాకెట్లు

నన్ను మా ఇంట్లో అనుమానప్పక్షి అంటారు. ఆ పేరు పెట్టింది మా ఆయనే. కూరగాయల బండి దగ్గర తక్కెడ కింద చెయ్యి పెట్టి చూస్తాను. పాల ప్యాకెట్ మీద తేదీ చదవనిదే ఇంట్లోకి రానివ్వను. ఇందులో నా తప్పేం లేదు, నేను పుట్టిన ఇల్లు అలాంటిది. మాది దూదేకుల ఇల్లు, నాయిన పరుపులు కుట్టేవాడు. పరుపు పైకి ఎంత సోకుగా ఉన్నా లోపల ఏముందో కుట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కొత్త దూది అని చెప్పి పాత దూది కూరేవాళ్లు ఆ పనిలో బోలెడు మంది. అందుకని నాయిన పరుపు ఇచ్చేటప్పుడు ఒక మూల జానెడు కుట్టకుండా వదిలేవాడు. కొనుక్కున్నవాళ్లు చెయ్యి దూర్చి, పిడికెడు తీసి, వెలుతురులో చూసుకున్నాకే ఆ మూల మూసేవాడు.

పెళ్లయి హాలియా వచ్చాక నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, పరుపు గలేబులు కుట్టేదాన్ని. మా ఆయన వరి కోత మిషన్ నడిపేవాడు. కోతలు అయిపోతే చేతిలో పని ఉండదు. తెలంగాణ వచ్చిన తర్వాత నాగార్జున సాగర్‌కు చూసిపోదామని వచ్చే జనం పెరిగారు. అక్కడ ప్రైవేటు బోటు నడిపించే ఒక ఓనర్ ఈయన్ని పిలిచి, పాత సరంగు దగ్గర బోటు నడిపే పని నేర్పించి, బోటు అప్పజెప్పాడు. ఈయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని సరంగు అయ్యాడు. రోజూ పొద్దున బండి మీద సాగర్ పోయేవాడు, పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. వచ్చినప్పటి నుంచి బోటు ముచ్చటే.

నాకు ఆ బోటు మీద మొదటి రోజే నమ్మకం కలగలేదు. ఒక ఆదివారం అమ్మాయిని తీసుకుని పోయి ఎక్కాను. ఈయన తిప్పే చక్రం పక్కన చిన్న టీవీ లాంటి మిషన్ ఉంది. దాని మీద అంకెలు, కింద ఎగుడుదిగుడుగా నల్లటి గీత.

"గిదేంది?" అన్నాను.

"లోతు చూపే మిషను. నీళ్ల కిందికి చప్పుడు పంపుతది. అది నేలకు తగిలి ఎనక్కి వస్తది. జల్దీ వచ్చిందంటే లోతు తక్కువున్నట్టు. ఎండకాలం నీళ్లు దిగితే కింద గుట్టలు, పాత గోడలు పైకి వస్తయి. అవి కంటికి కనపడవు. దీనికి కనపడ్తయి."

"టీవీల వాన పడ్తదని చెప్తరు. పడ్తదా? గిది గూడ గంతే."

ఈయన బోటు ఆపాడు. ముడులు వేసిన తాడుకు ఇనుప గుండు కట్టి నీళ్లలోకి వదిలాడు. గుండు అడుగుకు తగిలాక తాడు లాగుతూ ముడులు గట్టిగా లెక్కబెట్టాడు. మిషన్ ఏం చూపిందో తాడూ అదే చూపింది. బోటులో ఉన్న జనమంతా నన్ను చూసి నవ్వారు. మా అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది.

"ఇగ సాలునా అనుమానప్పక్షీ?" అన్నాడు ఈయన.

కానీ ఆ రోజే ఇంకోటి చూశాను, అది చూసి లోలోపల సంతోషపడ్డాను. బోటు పక్కన తెల్ల రంగుతో ఒక పట్టీ గీసి ఉంది. నీళ్లు ఆ పట్టీని తాకితే ఇక ఒక్కరిని కూడా ఎక్కించకూడదట. ఒడ్డు మీద ఒక పెద్ద కుటుంబం నిలబడి ఉంది. ఎక్కించుకోమని ఓనర్ ఫోన్ చేశాడు. ఈయన వంగి పట్టీ చూసి, "కాదు సార్, అయితలేదు. మళ్లీ ట్రిప్పుకు రమ్మనండ్రి" అన్నాడు. ఓనర్ అటు నుంచి ఏమన్నాడో గానీ ఈయన మాట మార్చలేదు. అంత జాగ్రత్త మనిషి నా మొగుడని నాకు గర్వమనిపించింది. ఇక బోటు గురించి నా నోరు మూసుకుందామనుకున్నాను.

కొన్ని నెలలు మూసుకున్నాను కూడా. తర్వాత ఒక రోజు ఈయన బోటులోని లైఫ్ జాకెట్లు మూటగట్టి ఇంటికి తెచ్చాడు. బెల్టులు తెగాయి, బకిల్స్ ఊడాయి, కుట్టిపెట్టమన్నాడు. నేను మిషన్ ముందు కూర్చుని ఒక్కోటి ఒళ్లో వేసుకుని కుట్టసాగాను. కొన్ని గట్టిగా అట్టలా ఉన్నాయి. కొన్ని మెత్తగా, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పొంగుతున్నాయి. ఒకే రకం జాకెట్లకు లోపల రెండు రకాల సరుకు ఎందుకుంటుంది? చేతులు ఊరుకోలేదు. మెత్తటిదాన్ని మూల దగ్గర జానెడు విప్పాను. లోపల పసుపు రంగు స్పాంజి. గట్టిదాన్ని విప్పితే అందులో తెల్లటి ఫోం పలకలు.

మెత్తటిదాన్ని మళ్లీ కుట్టేసి, పెరట్లో సిమెంటు గోలెంలో వేసి చూశాను. చక్కగా తేలింది. నా మీద నాకే నవ్వొచ్చింది. ఈసారి మా ఆయన నవ్వకముందే నేనే నవ్వుకోవడం మంచిదనుకుని వంటలో పడ్డాను. పప్పు దించి, తాలింపు పెట్టి, చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వస్తే జాకెట్ కనపడలేదు. ఎవరైనా ఎత్తుకుపోయారేమో అనుకున్నాను. చెయ్యి పెట్టి వెతికితే గోలెం అడుగున దొరికింది. పైకి లాగితే రెక్క నొప్పి పుట్టింది. నీళ్లు తాగిన బొంత ఎంత బరువుంటుందో అంత ఉంది. అది తొడిగితే మనిషిని తేల్చడం మాట అటుంచి కిందికే గుంజుతుంది.

ఈయన అన్నానికి కూర్చోగానే చెప్పాను.

"నువ్వు బెల్టులు కుట్టు. గంతే. ఇప్పి సూడుమన్ననా నిన్ను?" అన్నాడు తల ఎత్తకుండా.

ఎప్పుడూ నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. నా అనుమానం అక్కడ ఇంకో మెట్టు ఎక్కింది. ఓనర్ మీద అనుకోండి. నాసిరకం జాకెట్లు తెచ్చి, ఎవరూ విప్పి చూడరులే అని జనానికి తొడిగిస్తున్నాడని ఆ రాత్రంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఆ స్పాంజిని ఎక్కడో చూసినట్టే ఉంది. పొద్దున గుర్తొచ్చింది. ఆటో సీట్లలో వేసేది అదే.

మెయిన్ రోడ్డు మీద ఆటోల సీట్లు కుట్టే ముసలాయన ఉన్నాడు. నాయిన్ని ఎరిగినవాడే. జాకెట్లోంచి తీసుకొచ్చిన స్పాంజి ముక్క సంచిలోంచి తీసి చూపించాను.

"నా సరుకే బిడ్డా!" అన్నాడు ఆనందంగా. "పడవోళ్ల జాకెట్లకు ఏసిన. లోపలున్నది అంత పొడిపొడి అయిపోయింది, గట్టిగ గూడ ఉన్నది, ఒత్తుకుంటది. తీసిపారేసి నంబర్ వన్ స్పాంజి పెట్టిన. ఇప్పుడు ఏసుకుంటే మెత్తగ, హాయిగ ఉంటది."

ఆయన ముఖంలో మోసం ఏ మూలా లేదు. ఎవరికి ఎక్కడ ఒత్తుకోకూడదో చూడటమే జీవితమంతా ఆయన చేసిన పని. ఆ చేతికి జాకెట్ కూడా ఒక సీటే అయింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"ఎవరు తెచ్చిండ్రు బాబాయ్, ఆ ఓనరేనా?"

"ఓనర్ ఎందుకొస్తడు? మీ ఆయనే తెచ్చిండు."

అక్కడ నుంచి ఇంటికి ఎట్లా నడిచి వచ్చానో నాకు తెలియదు. ఓనర్‌ను అనుమానించాను, లోతు మిషన్‌ను అనుమానించాను, సీట్ల ముసలాయన్ని కూడా అనుమానిస్తూనే పోయాను. ఒక్క మనిషిని వదిలేశాను. ఈయన్ని అడుగుదామంటే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. తెలియక చేయించి ఉంటాడు, నేను చెప్పాక ఎలాగూ మార్పిస్తాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈయన మాత్రం కుట్టిన జాకెట్లు మూటగట్టుకుని అలాగే బోటుకు తీసుకుపోయాడు. నేను విప్పిన స్పాంజి జాకెట్ ఒక్కటి ఇవ్వకుండా కుట్టు మిషన్ కింద దాచాను.

ఆ వారంలోనే మా అమ్మాయి బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. "అమ్మా, మా క్లాసోళ్లను సాగర్ తోల్కపోతరంట. బాపు బోటే ఎక్కిస్తరంట!" అప్పుడు ఏడో తరగతి. తన బాపు నడిపే బోటని తోటి పిల్లలకు అప్పుడే గొప్పలు చెప్పుకుని వచ్చింది.

ఆ సాయంత్రం ఈయన వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, అమ్మాయి వినకుండా, మెల్లగా అన్నాడు.

"గా రోజు పిల్లను పంపకు. జరమొచ్చిందని చెప్పు."

"ఎందుకు?" అన్నాను.

"పంపకు అంటున్న గద."

"నీకు ఎరికనా?"

నేను వదల్లేదు. చివరికి చెప్పాడు. ఓనర్ రిపేరు చేయించమంటే ఈయనే సీట్ల దుకాణంలో ఇచ్చాడు. కొన్నాళ్లకు ఒక జాకెట్ గాలికి ఎగిరి నీళ్లలో పడింది. ట్రిప్పు ముగించి తిరిగి వచ్చేటప్పటికి సగం మునిగి ఉంది. కొక్కెం వేసి లాగితే రాలేదట, ఇద్దరు పట్టి లాగారట. అప్పటి నుంచి తెలుసు.

"చెప్తే నా మీదికే వస్తది. నౌకరి పోతది. బోటు మునగది లే. పట్టీ దాటి ఒక్కన్ని ఎక్కియ్య. లోతు మిషను ఉన్నది. నేను లేనా?"

"బోటు మునగకపోతే మన పిల్లకు జరమెందుకు రావాలె?"

ఈయన తువ్వాలతో కాళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన కాలే మళ్లీ తుడిచాడు. నాకు ఆయన్ని చూస్తే అసహ్యమూ వేసింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వేస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు దాచిన జాకెట్ సంచిలో పెట్టుకుని బడికి పోయాను. పెద్ద మేడంతో మాటల్లో చెప్పి లాభం లేదని, చేతులు కడుక్కునే తొట్టిలో జాకెట్ వేసి, "మేడం, జర సేపు సూడుండ్రి" అన్నాను. అది తేలింది. మేడం నన్ను వింతగా చూసింది.

"ఏమ్మా, మంచిగనే ఉన్నది గద?"

"జర ఆగుండ్రి."

టీచర్లు ఒక్కొక్కరే వచ్చి తొట్టి చుట్టూ నిలబడ్డారు. ముందు ఒక భుజం వంగింది. తర్వాత జాకెట్ అంతా మెల్లగా ఒరిగి, బుడగలు వదులుతూ అడుగుకు పోయింది. మేడం తన చీర కుచ్చిళ్లు తడుస్తున్నా చూసుకోకుండా తొట్టిలోకి వంగి దాన్ని పైకి లాగబోయి, లాగలేక నా ముఖం చూసింది.

పిల్లల బోటు ప్రయాణం ఆగింది. మేడం ఫోన్ల మీద ఫోన్లు చేసింది. అధికారులు వచ్చి బోటు ఆపించారు. తనకేమీ తెలియదని ఓనర్ ప్రమాణాలు చేశాడు. తెలుసో తెలియదో నాకు నేటికీ తెలియదు. కొన్ని వారాలకు కొత్త జాకెట్లతో, కొత్త సరంగుతో అదే బోటు మళ్లీ నడిచింది. మా ఆయన మళ్లీ వరి కోత మిషన్ ఎక్కాడు. మా అమ్మాయి చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తన ముందర బడి పిల్లలు తన బాపును ఏమన్నారో నాకు చెప్పలేదు, నేను ఊహించుకోగలను.

ఈయన, నేను అవసరానికి తప్ప మాట్లాడుకోని రోజులవి. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఈయన ఉన్నట్టుండి అన్నాడు.

"నువ్వు ఊకుండవని నాకు ఎరికనే. ఎరికుండే నీకు చెప్పిన."

నిజమేనా? నేను బడికి ఉరుకుతానని తెలిసే, తన నోటితో చెప్పలేనిది నా నోటితో చెప్పిద్దామని, ఆ జ్వరం మాట అన్నాడా? లేక ఇప్పుడు, అంతా అయిపోయాక, నా ముందు తల ఎత్తుకోవడానికి అల్లిన మాటా? ఈయన కంచంలోకి చూస్తూ చారు పోసుకున్నాడు. ఆ ముఖంలో నాకేమీ కనపడలేదు.

నమ్మాలనే ఉంది నాకు. కానీ జాకెట్ మునిగింది ఈయన చూసిన రోజుకూ మా పిల్ల ప్రయాణానికీ మధ్య ఆ బోటు ఎన్నో ట్రిప్పులు తిరిగింది. ఎవరెవరి పిల్లలో ఎక్కారు. ఆ జాకెట్లు ఈయన చేత్తోనే తొడిగి, బెల్టు బిగించి ఉంటాడు. అప్పుడు ఏమనుకున్నావని అడగాలి. తక్కెడ కింద చెయ్యి పెట్టేదాన్ని, పాల ప్యాకెట్‌ను కూడా వదలనిదాన్ని, ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. అది నేను నమ్మలేకపోతే ఆ మనిషికి రేపటి నుంచి అన్నం ఎట్లా పెట్టాలి?