భుజానికి కుదిరిన తుపాకీ

చాచా పోయారు. సోమవారం పొద్దున మా షాపు ఫోనుకి బోధన్ నుంచి ఆయన కొడుకు చేశాడు. "అబ్బా పోయిండు అన్నా. నిన్న సాయంత్రం నమాజుకు కూసున్నోడు కూసున్నకాడనే ఒరిగిండు" అన్నాడు. దోహాలో ఇంకెవరికైనా కబురు చేయాలా అని అడిగితే నేను చెబుతాలే అన్నాను. ఫోను పెట్టేసరికి ఎదురుగా ఒకాయన టార్చిలైటు ధర అడుగుతూ నిలబడి ఉన్నాడు. ధర చెప్పాను, బ్యాటరీలు వేసి వెలిగించి చూపించాను. కొట్లో పనిచేసేవాడికి ఏడవడానికి కూడా చోటుండదు.

చెబుతాలే అన్నాను గానీ చెప్పడానికి ఎవరున్నారు? ఈ దేశాల్లో పనిచేసినవాళ్ళు మీలో ఉంటే మీకు తెలిసిందే. చాచాతో పనిచేసినవాళ్ళంతా ఒక్కొక్కరే ఎగ్జిట్ కొట్టించుకుని ఇళ్ళకి పోయారు. ఆయన్ని ఎరిగినవారు నేను కాక ఒక్కరే మిగిలారు, ఒక ఖతరీ పెద్దాయన, ఈ దేశస్థులే. ప్రతి గురువారం సాయంత్రం షాపుకి వస్తారు. చాచా ఊరి నుంచి తిరిగి వస్తారని ఆయన ఎదురుచూస్తున్నారు. ఆయనకి ఈ మాట నేను చెప్పాలి. సోమవారం నుంచి గురువారం దాకా నాకు అన్నం సయించలేదు.

చాచా నాకు చుట్టం కాదు. మాది రాజంపేట దగ్గర పల్లె, ఆయనది నిజామాబాద్ వైపు. వేటకీ ఎడారి గుడారాలకీ కావలసిన సామాను అమ్మే కొట్లో నేను చేరేసరికి తుపాకుల బల్ల వెనక స్టూలు మీద ఆయనున్నారు. ఆయన తండ్రి హైదరాబాదులో తుపాకులు బాగుచేసేవారట. మా కొట్లో ఎక్కువగా పోయేది పాయింట్ టూ టూ రైఫిల్. తూటా అడుగు అంచు మీద సూది తగిలితే పేలే చిన్నరకం. శబ్దం తక్కువ, భుజానికి దెబ్బ తగలదు, తూటాలు చవక. ఊరి బయట తోటల్లో పావురాలనీ కోళ్ళనీ ఎత్తుకుపోయే నక్కల కోసం కొనేవారు. పోలీసు పర్మిషన్ ఉన్న ఖతరీలకే అమ్మాలి. మాలాంటివాళ్ళం తుడవచ్చు, చూపించవచ్చు, అంతే.

తక్కువ ధరలో గట్టి తుపాకీ ఎంచడం చాచా దగ్గరే చూశాను. వచ్చినవాళ్ళు ముందు చెక్క మీద నగిషీ చూసేవారు, లేకపోతే పైన బిగించే దుర్భిణీ చూసేవారు. చాచా వాటి జోలికే పోయేవారు కాదు. చెక్కా ఇనుమూ కలిసేచోట గోరు పెట్టి చూసేవారు; గోరు దూరితే ఆ తుపాకీ పక్కకే. గొట్టాన్ని వీధి వెలుతురుకి ఎత్తి లోపలి మెలికలు చివరిదాకా తెగకుండా ఉన్నాయా అని చూసేవారు. తూటాని లోపలికి నెట్టే బోల్టుని ఒక్క వేలితో వెనక్కి లాగి, నున్నగా జరుగుతుందో లేదో చూసేవారు. నగిషీకి పోసే డబ్బు తూటాలకి పోసి రోజూ సాధన చేసుకోమని కొనేవాళ్ళకి చెప్పేవారు. నూనె ఎక్కువ పూస్తే ఇసుక పట్టేస్తుందని మరీ మరీ చెప్పేవారు.

ఖాళీ తుపాకీ మీట నొక్కితే మాత్రం మండిపడేవారు. ఈ రకంలో తూటా లేకపోతే సూది పోయి గొట్టం అంచుకే తగులుతుంది, అంచు సొట్టపోతుంది. అందుకని పేలిపోయిన తూటా డొల్ల ఒకటి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. దాన్ని తన చేత్తో లోపల పెట్టాకే నొక్కనిచ్చేవారు. మేమిద్దరం ఉండే గదిలో బట్టలు ఉతికే వంతు నాది కాబట్టి ఆ డొల్లని కూడా చొక్కాతో పాటు ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో లెక్కలేదు. ఆయనేమో తీరిగ్గా, శుభ్రంగా ఉంటే నీకేం నష్టం అనేవారు.

అసలు పరీక్ష చివర్న. కొనేవాడిని కళ్ళు మూసుకోమనేవారు. మూసుకునే తుపాకీ ఎత్తి భుజానికి ఆనించుకోవాలి, చెంప చెక్క మీద వాల్చాలి. అప్పుడు మెల్లగా "ఖోలో" అనేవారు, తెరవమని. తెరిచేసరికి కన్ను సరిగ్గా గురి వెనకే ఉంటే ఆ తుపాకీ ఆ మనిషిది. మెడ వంచాల్సి వస్తే కాదు, ఎంత మంచిదైనా సరే. "కన్ను మోసపోతది బిడ్డా, భుజం మోసపోదు" అనేవారు నాతో.

దోహాలోనే ఉమ్ ఘువైలినా అనే పేటలో ఆ గది. శుక్రవారం వంట ఆయనది. ఉండేది ఇద్దరం, చేసేది పది మందికి సరిపడా బగారా అన్నం. నాకు ఒళ్ళు మండేది. బియ్యం దండగ చాచా, ఎవరు తింటారు అని సణిగేవాణ్ణి. ఆయన మిగిలింది గిన్నెలో పెట్టుకుని మెట్లు దిగి కింద గదుల వాళ్ళ తలుపులు కొట్టేవారు. వాళ్ళు కేరళవాళ్ళు, నేపాలీలు, ఎవరైతేనేం. ఒకసారి గట్టిగానే అడిగితే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మిగులుతెనే కదా బిడ్డా ఒకరి తలుపు కొట్టొస్తది. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె?"

ఆ మాట ఎంత లోతుదో హాజీ వచ్చాకే తెలిసింది. హాజీ అంటే నేను పైన చెప్పిన ఖతరీ పెద్దాయన, చాచా ఆయన్ని అలాగే పిలిచేవారు. ఖతరీలందరికీ డబ్బు మూలుగుతుంటుందని మా ఊళ్ళో అనుకుంటారు. ఈయనకి ఊరి బయట చిన్న తోట, ఒక పావురాల గూడు, పాత బండి, అంతే. భార్య పోయింది. కొడుకులు ఎవరి ఇళ్ళలో వాళ్ళున్నారు. వయసులో ఉండగా పడవల మీద బొంబాయి వెళ్ళిన మనిషి, ఉర్దూ బాగా వచ్చు. నక్కలు పావురాలని బతకనివ్వడం లేదు, ధర తక్కువగా ఉండి తన తర్వాత కూడా నిలిచే తుపాకీ చూడమన్నారు.

చాచా ఒకటి తీసి చేతికిచ్చారు. హాజీ కళ్ళు మూసుకున్నారు, ఎత్తారు. "ఖోలో." ఆయన కన్ను సరిగ్గా గురి వెనకే తెరుచుకుంది, పక్కనున్న నాకూ కనిపించింది. చాచా తుపాకీ వెనక్కి తీసుకున్నారు. తర్వాత చెక్క కొంచెం పొట్టి అయిందన్నారు, కొత్త సరుకు వస్తుంది, వచ్చే వారం చూద్దామన్నారు. హాజీ సరేనని నల్ల టీ తాగి, బొంబాయి రేవు గురించీ హైదరాబాదు గురించీ చాలాసేపు మాట్లాడి వెళ్ళారు.

వచ్చే వారం వేరేదానికి మీట బరువన్నారు. ఆ పై వారం ఇంకోదానికి బోల్టు గరుకన్నారు. అలా నెలలు నడిచాయి. మొదటి రోజు కుదిరిన తుపాకీని మాత్రం బల్ల చివర గోడవైపు తిప్పి పెట్టి, ఎవరడిగినా అది అమ్ముడుపోయిందనేవారు. సరుకు విషయంలో చిన్న అబద్ధం ఆడని మనిషి! ముదీర్, అంటే మా మేనేజరు, ఈ ముసలాయన టీ తాగి పోవడమే గానీ కొనడేం అని గొణిగేవాడు. నేనూ ఉండబట్టలేక, ఆయనకి ఆ తుపాకీ కుదిరింది కదా, ఎందుకివ్వరు అని అడిగాను.

చాచా డొల్లని వేళ్ళ మధ్య తిప్పుతూ, "కొంటే మల్ల వస్తడా?" అన్నారు.

అన్నేళ్ళ దోహాలో ఆయన కోసమని వచ్చే మనిషి ఆ ఒక్కరే.

కిందటేడు చాచా కంటికి పొర కమ్మింది. గొట్టం లోపలి మెలికలు కనబడటం మానేశాయి. ముదీర్ వీసా క్యాన్సిల్ చేస్తున్నామన్నాడు. ఆఖరి గురువారం చాచా ఆ తుపాకీని గోడవైపు నుంచి తిప్పి, తుడిచి, హాజీ చేతుల్లో పెట్టి ఇది మీదే అన్నారు. హాజీకి నచ్చలేదు. చెక్క పొట్టి అన్నావు కదా, వచ్చే వారం వేరేది చూపించు అన్నారు. వచ్చే వారం నేనుండను అని చాచా చెప్పాక కొనుక్కుని వెళ్ళారు. విమానం ఎక్కే రోజు పొద్దున చాచా డొల్లని నా జేబులో వేశారు. "దీన్ని విమానంల కొంటవోనియ్యరు. నువ్వే పెట్టుకో" అన్నారు. ఆ శుక్రవారం నేను ఒక్కడికే వండుకున్నాను, సరిగ్గా సరిపోయింది, అదే బాధ.

తర్వాతి గురువారం హాజీ తుపాకీ గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చారు. మీట బరువుగా ఉందన్నారు. చూశాను, వెన్నలా ఉంది. అయినా లోపల కొంచెం ఇసుక చేరింది, వచ్చే వారం ఇంకోసారి చూద్దామన్నాను. టీ పెట్టాను. అప్పటినుంచి మానలేదు. ఒక వారం బోల్టు, ఒక వారం చెక్క. సంచి విప్పకముందే చాచా కబురు అడిగేవారు. కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చెబితే ఎంత సంతోషించారో. తోటలో గది ఖాళీగానే ఉంది, నేను వీసా తీస్తాను, వచ్చి పావురాలు చూసుకోమను అన్నారు. ఫోనులో చెబితే చాచా నవ్వి, "నేనొచ్చెదాక తుపాకి ఎవ్వరితోని విప్పించద్దని చెప్పు" అన్నారు. హాజీ వీసా ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

ఈ గురువారం వచ్చారు. సంచి బల్ల మీద పెట్టి, గురి కొంచెం పక్కకి జరిగింది, చాచా రాగానే చూపించాలి అన్నారు. వీసా చేతికొచ్చిందని కూడా అన్నారు. టీ గిన్నె పక్కన పెట్టేశాను. "హాజీ, చాచా ఇక రారు. ఆదివారం పోయారు" అన్నాను.

ఆయన ప్రార్థన మాట ఏదో పెదాల మీదే చదువుకున్నారు. బల్ల పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను స్టూలు జరిపాను, చాచా స్టూలే. కూర్చున్నారు.

"ఈ తుపాకీలో ఏ తప్పూ లేదు" అన్నారు ఉర్దూలో. "మొదటి రోజే నాకు సరిపోయింది. అతను చెక్క పొట్టి అంటే నేనూ పొట్టి అన్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. జేబులోంచి డొల్ల తీసి తుపాకీలో పెట్టి ఆయన చేతికిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, ఇంకేం ఇవ్వను? హాజీ కళ్ళు మూసుకున్నారు. తుపాకీ ఎత్తి భుజానికి ఆనించుకున్నారు, చెంప చెక్క మీద వాల్చారు. బయట వీధిలో బండ్ల హారన్లు మోగుతున్నాయి. ఎవరో గుడారం తాళ్ళ ధర అడిగారు, నేను పలకలేదు. "ఖోలో" అని చెప్పాల్సిన మనిషి లేరు. హాజీ కళ్ళు మూసుకునే ఉన్నారు.