ఆయన దీవించిన గట్టు

మార్తమ్మ పోయిన సంగతి రాయప్పగారికి ఏలూరులో తెలిసింది. అప్పుడాయన ముసలి ఫాదర్లు ఉండే ఇంట్లో ఉంటున్నారు. ఉత్తరాదిన ఆర్చిబిషపుగా ఒక అగ్రమేత్రాసనాన్ని చాలా ఏళ్లు ఏలి, వయసు నిండగానే రాజీనామా ఇచ్చి, ఒక్క పెట్టెతో తిరిగి వచ్చిన మనిషి. మార్తమ్మ ఆయన చెల్లెలు. తనను అమ్మ పక్కన పెట్టాలన్నది ఆమె ఆఖరి కోరిక.

అమ్మ ఉన్నది ముదినేపల్లి దాటాక, కొల్లేటి అంచున, వాళ్ల పాలెం సమాధుల తోటలో. అది అక్టోబరు. తోట నీళ్లలో ఉంది.

ఆయన పుట్టింది ఆ పాలెంలోనే. తండ్రి దోనె మీద తిరిగి కిక్కిస గడ్డి కోసేవాడు. పసివాడికి జ్వరం దిగకపోతే తల్లి మరియమాతకు మొక్కుకుంది, బతికితే గుడికిస్తానని. బతికాడు. ఇచ్చింది. అతను ఏలూరు బోర్డింగుకు వెళ్లిన ఏడే మార్తమ్మ బడి మాని నాట్లకు వెళ్లింది. దాన్ని ఎవరూ త్యాగమనలేదు. ఇంట్లో చేతులు తగ్గాయి, అంతే.

గురుపట్టం అందుకున్న రోజున, తైలం ఆరని ఆయన అరచేతులను తల్లి ముద్దుపెట్టుకుంది. "దీవించండి తండ్రిగారూ" అంది. ఆ తరవాత ఇంట్లో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు.

తాడేపల్లిగూడెంలో కొంతకాలం సహాయ గురువుగా చేశాక, సొంత పాలెం ఉన్న విచారణకే, ఆ చుట్టుపక్కల గుళ్లన్నిటికీ, ఫాదరుగా ఆయనను వేశారు. వరి పోయి చేపలు వస్తున్న రోజులవి. సమాధుల తోటకూ కొల్లేటికీ నడుమ బుల్లిరాజుగారు పెద్ద చెరువు తవ్వించారు. గట్టు పూర్తయ్యాక పంతులుగారితో పూజ చేయించి, ఫాదరుగారినీ పిలిచారు. ఆ వైపు అది మామూలే. ఏ దేవుణ్నీ నొప్పించకూడదు. రాయప్పగారు గట్టు పొడవునా నడిచి తీర్థం చల్లారు. ఈ గట్టు తెగకుండుగాక అని ప్రార్థించారు. తోటలో నీరు కొల్లేటికి పోయే బోదె ఆ గట్టు కింద పూడిపోయిందని ఆయన చూడలేదు. చూసినవాళ్లు, ఫాదరుగారికి తెలియదా అనుకుని ఊరుకున్నారు.

తరవాత ఆయన పీఠాధిపతి అయ్యారు, అగ్రపీఠాధిపతి అయ్యారు. పరాయి భాషలో పూజలు చెప్పారు. కలహాల్లో చచ్చిపోయినవాళ్లను వరసగా పడుకోబెట్టి ప్రార్థన చేశారు. తల్లి వేసవిలో పోయింది. అప్పుడు నేల గట్టిగా ఉంది.

రాయప్పగారు వచ్చేసరికి పాలెం గుడి వసారాలో మార్తమ్మ శవపెట్టె ఉంది. విచారణ గురువు నెల్సన్ ఎదురొచ్చాడు. "ఏలూరులో పొడి నేల ఉందండీ. బండి సిద్ధంగా ఉంది."

రాయప్పగారు చెరువు షెడ్డుకు నడిచారు. బుల్లిరాజుగారు ముసలివాడయ్యాడు. గోడ మీద ఫొటోలో, గట్టు మీద తీర్థం చల్లుతూ, నల్లజుట్టు ఫాదరు.

"కొల్లేట్లో నీరు తీసేసిందండీ. తోటలో నీరే నిలిచిపోయింది. చెరువుకి అటూ ఇటూ గండి కొట్టిస్తే లాగేస్తుంది," అన్నారు రాయప్పగారు.

"మీ మాట కాదనగలనా తండ్రిగారండీ? కానీ చేప పట్టుబడికొచ్చిందండీ. గండి కొడితే అంతా కొల్లేటి పాలే." ఆయన ఫొటో వైపు చెయ్యి చూపించాడు. "ఎన్ని వరదలొచ్చాయండీ! చుట్టూ అందరి గట్లూ తెగాయి. నాది బీటన్నా వారలేదు. మీ నోటి చలవేనండీ అది."

టీ ఇప్పించాడు. రాయప్పగారు తాగారు.

మార్తమ్మ కొడుకు చంటి బయట నిలబడి ఉన్నాడు. అదే చెరువులో మేత బస్తాలు కట్టే మనిషి.

"చీకటి పడ్డాక గండి మేమే కొట్టేస్తాం మావయ్యా. మీరు ఏలూరు వెళ్లిపోండి. మీకేం తెలీదు."

"పొద్దున్నకి పాలెంలో మగవాళ్లంతా స్టేషన్లో ఉంటారురా. మీ అమ్మని ఎవరు మోస్తారు?"

"అయితే ఏలూరు తోలేస్తారా? బతికుండగా ఒక్కసారి తీసుకెళ్లారా అండీ?"

రాయప్పగారు నీళ్లలో ఉన్న తోటకేసి చెయ్యి చూపించారు. "ఎక్కడికీ వద్దు. ఇక్కడే," అన్నారు.

మర్నాడు అమ్మ సిలువ కొన చూసి చోటు గుర్తుపట్టారు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, ఆయిలింజను పెట్టి తోడారు. తోడినకొద్దీ ఊరింది. మొలలోతు నీళ్లలో నిలబడి గొయ్యి తవ్వారు. దోనె మీద వచ్చిన పెట్టెను దించితే, అది పైకి తేలింది. మళ్లీ నొక్కారు. మళ్లీ లేచింది.

"కొల్లేట్లో పుట్టి ఈత రాని మనిషండీ," అన్నాడు ఉపదేశి సాల్మన్. "ఇప్పుడు నేర్చుకుందండీ." ఇద్దరు నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకున్నారు.

రాళ్లు తెచ్చి పెట్టె మీద పేర్చారు. రాయప్పగారు అంగీ తడుస్తూ నీళ్లలోకి దిగి, ఒక రాయి తనే పెట్టారు. పెట్టె మునిగింది.

ఇక తలా పిడికెడు మట్టి వేయాలి. చేతికి బురదే వస్తోంది. చంటి గట్టెక్కి దోసిలి నిండా తవ్వి తెచ్చాడు.

"ఏవండోయ్, గట్టు మట్టి తీయకండీ!" కాపలా మనిషి పైనుంచి అరిచాడు. "తెగుద్దండీ!"

రాయప్పగారు ఆ గడ్డ అందుకున్నారు. ఎండి రాయిలా ఉంది. రెండు చేతులతో నలిపితే గాని విరగలేదు. రాళ్ల మీద వేశారు. నీరు కాసేపు నల్లబడి, మళ్లీ తేరుకుంది.

తిరిగి వస్తుంటే చంటి దోనె నెడుతూ అడిగాడు. "మిమ్మల్నెక్కడ పెడతారు మావయ్యా?"

"అక్కడే. ఉత్తరాదిన నేను పనిచేసిన పెద్ద గుడిలో. రాతి నేల కింద."

"ఇక్కడికి తేరా?"

"ఆనవాయితీ లేదురా."

"నీళ్లు రావా అక్కడికి?"

"రావు."

చంటి గెడ వేశాడు. దోనె కదిలింది. వెనక గట్టు నిటారుగా ఉంది. దాని మీద చంటి దోసిలితో తీసిన గుంటను కాపలా మనిషి పారతో పూడుస్తున్నాడు.