కాశీలో వదిలేసిన కూరల పుస్తకం

తార్నాకలో ఒక సందు ఉంది. నాలుగేళ్లుగా ఆ సందు దగ్గరికి రాగానే నా కాళ్లు వాటంతటవే రోడ్డు దాటి అవతలి పక్కకి పోతాయి. అక్కడ నన్ను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు. నా బాధంతా అదే. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

ఆ సందులో యాదగిరన్న ట్రావెల్స్ ఆఫీసు. కాశీ, గయ యాత్రలు ఆయన పని. మనవాళ్ల సంగతి తెలుసు కదా, గంగలో మునిగినా ఒడ్డుకొచ్చాక చారన్నం ఉండాల్సిందే. అందుకని బస్సుతో పాటు వంటమనిషిని కూడా తీసుకెళ్తారు. ఆ వంటమనిషి వారాసిగూడ సత్తెమ్మ. అరవై దాటిన మనిషి, అక్షరం ముక్క రాదు. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో వాళ్ల బస్సు కాశీలో చిక్కుకుపోతే, సత్రంలో ఉన్నన్నాళ్లూ దొరికిన దానితోనే అందరికీ రెండు పూటలా వండిపెట్టింది.

నేనప్పుడు క్యాంపస్‌లో టూరిజం రీసెర్చ్ స్కాలర్‌ని. కష్టకాలంలో చిన్న ట్రావెల్స్ మూతపడకుండా ఎలా నిలబడాలన్నది నా థీసిస్. యాదగిరన్నకి ఒక ప్లాన్ రాసిస్తానన్నాను. మొదటి సూత్రం, పని ఏ ఒక్క మనిషి తలలోనూ ఉండిపోకూడదు. రెండోది, ముఖ్యమైన కాగితాల నకలు ఆఫీసు బయట నమ్మకస్తుల దగ్గర ఉండాలి. ఆయన వ్యాపారం ఎవరి తలలో ఉందో ఒక్క రోజులో తెలిసిపోయింది.

కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన కూరో పండో వదిలేసి వస్తారు కదా. ఎవరు ఏది వదిలేశారో సత్తెమ్మకి కంఠతా వచ్చు. మల్కాజ్‌గిరి టీచరమ్మ కాకరకాయ వదిలేసింది. మెట్టుగూడ రైల్వే ఆయన జామపండు. ఎవరికి షుగరు, ఎవరి మామగారి తద్దినం ఎప్పుడు, అన్నీ ఆమె నాలుక మీదే ఉండేవి. క్యాంపస్‌లో లైబ్రరీ వెనక సిమెంటు బల్ల మీద మూడు మధ్యాహ్నాలు ఆమె చెప్తూ పోయింది, నేను రాస్తూ పోయాను. మొదటి రోజు గుత్తివంకాయ తెచ్చింది. నాకు దురదలొస్తాయన్నాను. మర్నాడు బీరకాయ తెచ్చింది. పుస్తకం తయారైంది. నకలు ఎవరి దగ్గర ఉంచాలి? "నీ దగ్గర్నే ఉండనీ చెల్లె," అన్నాడు యాదగిరన్న.

తర్వాత ఫెలోషిప్ ఆగిపోయింది. ఒక పెద్ద టూర్స్ కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. యాత్రికుల వివరాలు ఏమైనా ఉన్నాయా అని నవ్వుతూ అడిగారు. ఉన్నాయన్నాను. ఎందుకన్నాను? ఆకలితో ఉన్నానా? లేదు. ఇంట్లో అమ్మ వేళకి కంచంలో అన్నం పెడుతూనే ఉంది. బెదిరించారా? అదీ లేదు. ఎప్పుడూ ఎవరికీ పనికిరాని నా చదువు మొదటిసారి ఒకరికి పనికొస్తోందన్న పొంగు, అంతే, ఛీ, ఆ పొంగులో ఆ పుస్తకం నాది కాదన్న సంగతే మర్చిపోయాను. మర్చిపోయానా, మర్చిపోయినట్టు నటించానా?

యాత్రలు మళ్లీ మొదలయ్యాక యాదగిరన్న పాతవాళ్లకి ఫోన్లు చేశాడు. అందరూ వేరేచోట బుక్ చేసుకున్నారు. "వాళ్లు నేను కాకరకాయ వదిలేసిన సంగతి కూడా చెప్పారు నాయనా," అందట టీచరమ్మ. నన్ను ఆఫీసుకి రమ్మన్నాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఇది ముగ్గురికే ఎరుక చెల్లె. నాకు, నీకు, ఈమెకు. నువ్వు సదువుకున్న పిల్లవు, నిన్ను అనుమానిస్తే నా కండ్లు పోతయ్. పదిహేనేండ్లు అక్క లెక్క చూస్కున్న ఈమెను. ఎంత మోసం చేసింది చూడు!"

సత్తెమ్మ ఆయన్ని చూడలేదు. నన్నే చూసింది. "నేను ఎవ్వలకు చెప్పలే. నీ ఒక్కదానికే చెప్పిన. నువ్వన్న చెప్పు బిడ్డా."

నిజమే చెప్పింది. నా ఒక్కదానికే చెప్పింది.

"ఎవరి మనసులో ఏముందో మనకేం తెలుస్తుంది పెద్దమ్మా," అన్నాను.

ఆ మాట చాలు కదా. "పో ఇగ. పుస్తకం ఉన్నది, నువ్వు లేకున్నా నడుస్తది," అన్నాడాయన. నా ప్లాన్‌లోని మొదటి సూత్రం ఆయన నోట్లోంచి వచ్చింది. ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఏడ్చింది ఆమె కాదు, యాదగిరన్న. నమ్మినవాళ్లే గొంతు కోశారని ఏడ్చాడు. నేను ఆయనకి మంచినీళ్లు అందించాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా?

పోయిన నెల తార్నాకలో కొత్త కర్రీ పాయింట్‌కి వెళ్లాను. గరిటె పట్టుకుని సత్తెమ్మ. పక్కకి తిరిగి వెళ్లిపోదామనుకునేలోపే చూసేసింది. నేను అడక్కుండానే వంకాయ గిన్నె పక్కకి జరిపి బీరకాయ కట్టింది.

"నీకు వంకాయ పడదు గదా. పుస్తకంల నీ పేరు రాసుకోలే నువ్వు. గని నాకు యాదికున్నది."

అంటే తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ పని నాదేనని యాదగిరన్న ముందు అనగలిగీ అనలేదు. చెప్పినా ఆయన నమ్మడనా? ఏమో. పొట్లం తీసుకుని వచ్చేశాను. ఆ కూర తినలేకపోయాను, పారేయలేకపోయాను. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంది.

ఇదంతా రాశాక కూడా యాదగిరన్న నంబరు నొక్కే ధైర్యం రాలేదు. రేపు వస్తుందని కూడా చెప్పను. కానీ సత్తెమ్మ ఆ రోజు నన్ను చెప్పమన్న మాట ఒకటి బాకీ ఉంది. మీ దగ్గరైనా చెప్పనివ్వండి.

ఆమె ఎవరికీ చెప్పలేదు, యాదగిరన్నా. నేనే ఇచ్చాను.