చిక్కటి ద్రావకం, నలభై పాళ్ళు

పొద్దున ఎనిమిదింటికి ఇసోబె కినుయో కొలత ముల్లు వైపు వేలు చూపించి, "చిక్కటిది నలభై, యోషీ!" అని గట్టిగా అంటుంది. కళ్ళారా చూశాను, సరిగ్గా ఉంది అని దానర్థం. తొయామా సముద్రపొడ్డున ఉన్న ఆ బ్యాటరీ ద్రవాల కార్ఖానాలో వేలు చూపకుండా, నోరు విప్పకుండా ఏ పనీ మొదలవదు. తొట్టికి అవతల ఉన్న జంట మనిషి ఆ అంకె విని తనూ "యోషీ" అనాలి. ఇప్పటి జంట మనిషి నోరు తెరిచేలోపే, ఆరేళ్ళ కిందట పోయిన పాత జంట మనిషి ఇనాగాకి బొంగురు గొంతు "యోషీ" అంటుంది. ఆమె ఒక్కదానికే వినిపిస్తుంది. రోజూ వినిపిస్తుంది.

ఆమెకి పని నేర్పింది ఇనాగాకే.

"లిథియం ఉప్పంటే ఆలుమగలనుకో," అనేవాడు. "చిక్కటి ద్రావకం గయ్యాళి అత్తగారు. ఇద్దర్నీ చెరో మూల కూర్చోబెడుతుంది. కానీ ఆవిడొక్కతే ఉంటే ఎవరూ చురుగ్గా కదల్లేరు. పల్చటిది దారి వదుల్తుంది, విడదీసే సత్తా మాత్రం లేదు. ఉత్త పల్చటిదాంట్లో ఉప్పు వేశావా, పైకి కరిగినట్టే ఉంటుంది, లోపల మొగుడూ పెళ్ళాం అతుక్కుపోతారు. ఇక కరెంటు మోసేదెవరు, మీ మామగారా?"

"ఆయన పోయి పదేళ్ళయిందండీ, ఇనాగాకి గారూ!"

"అయితే అత్తగారిని మరిచిపోకు."

మరిచిపోయింది. ఆరేళ్ళ కిందటి ఫిబ్రవరి, మోకాలిలోతు మంచు. చిక్కటి ద్రావకం చలికి నెయ్యిలా పేరుకుంటుంది. అది వచ్చే గొట్టానికి చుట్టిన వేడి తీగ తెల్లారేసరికి చెడిపోయింది. ముల్లు సున్నా మీదే ఉంది. ఆమె వేలు సరిగ్గా దానివైపే చూపింది, నోరు నలభై అంది. కళ్ళే చూడలేదు. వేలసార్లు అన్న మాట కదా, నోటికి ఇక కళ్ళతో పనేముంది! ఇనాగాకి ఆమె మాట నమ్మి "యోషీ" అన్నాడు.

ద్రవం నీళ్ళంత పల్చగా వచ్చింది. పరీక్షలో చూస్తే కరెంటు సగం కూడా మోయలేదు.

"ఇసోబే, ముల్లు చూశావా, లేదా?" అన్నాడు ఇనాగాకి.

ఆమె తల దించుకుంది. కాంట్రాక్టు మనిషి; ఆ నెలాఖరుకే ఉంచుతారో పంపేస్తారో తేలాలి. ఇనాగాకి తనిఖీ కాగితం చింపేసి, కొత్తది రాసి, సంతకం బదులు ఆమె పేరు ముద్ర ఉండాల్సిన చోట తన ముద్ర కొట్టాడు. "పోయి అత్తగారిని లేపుకొస్తా," అని నవ్వి, గొట్టం కరిగించడానికి వేడినీళ్ళతో బయట నిచ్చెన ఎక్కాడు. మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. కాలు జారి పడి, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

విచారణ నివేదికలో కారణం: ఇనాగాకి అజాగ్రత్త. ముద్ర అతనిదే మరి. కినుయో నోరు మెదపలేదు. మొదటి ఏడు ఉద్యోగ భయం. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారన్న భయం. నిజం చెప్పడానికి పనికిరాని నోరు, యోషీ అనడానికి మాత్రం రోజూ లేచేది.

ఏటా ఆ రోజున కార్ఖానాలో సంతాప సభ పెడతారు. ఇనాగాకి భార్య ఫుమి మిఠాయి పెట్టెలతో వచ్చి, పనివాళ్ళు ఒక్కొక్కరి ముందూ నడుము వంచుతుంది. "మావారి పొరపాటు వల్ల మీ అందరికీ ఇబ్బంది కలిగింది. మన్నించండి." చచ్చినవాడి తరఫున, చెయ్యని తప్పుకి! కినుయో కూడా వరసలో నిలబడి, ఐదేళ్ళూ ఆ క్షమాపణ పుచ్చుకుంది, మిఠాయి కూడా.

ఈ ఏడు ఫుమి జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఆ నడుము తన ముందు వంగుతుంటే కినుయో ఆమె భుజాలు పట్టుకుంది.

"వంగకండి అక్కా. ముల్లు చూడాల్సింది నేను. చూడకుండా నలభై అన్నాను. ఆయన నా బదులు ముద్ర కొట్టారు."

ఫుమి ఆమె చేతుల్ని తన భుజాల మీంచి తీసేసింది. తిట్టినా బావుండేది.

"మావాడు తండ్రి ఫొటో ఇంట్లో పెట్టనివ్వడు," అంది. "ఆయన వల్ల తలెత్తుకోలేకపోతున్నానంటాడు. ఏటా నన్ను దింపి, ఈ గేటు దాటకుండా కార్లోనే కూర్చుంటాడు. ఇప్పుడూ ఉన్నాడు. ఈ మాట ముందు వాడికి చెప్పండి."

కినుయో హాల్లో వేసుకునే చెప్పులు మార్చుకోవడం కూడా మరిచి మంచులోకి నడిచింది. కారు అద్దం కిందికి దిగింది. అచ్చం ఇనాగాకి కళ్ళే. ఆమె నడుము పూర్తిగా వంచింది.

"నాన్న తరఫున మళ్ళీ మన్నించమనాలా?" విసుగ్గా అడిగాడతను. "అమ్మ చెప్పింది చాల్లేదా?"

"కాదు నాయనా," అంది కినుయో, తలెత్తకుండానే. "మన్నించమని నేనే నిన్ను అడగడానికి వచ్చాను."