విశ్వనాథం చదివిన దెయ్యాలు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో విశ్వనాథానికి భయం తెలియని మనిషని పేరు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు. బేస్‌మెంట్‌లో పెద్ద తెర, వెనక్కి వాలే రిక్లైనర్ కుర్చీలు రెండు వరసలు, శనివారం సాయంత్రాలు జపాన్ దెయ్యాల సినిమాలు. స్నేహితులు ఉలిక్కిపడుతుంటే ఆయన మాత్రం తాపీగా పాప్‌కార్న్ నమిలేవాడు.

"మన దెయ్యాలు పాటలు పాడతాయి, పగ తీర్చుకుంటాయి. వీళ్ల దెయ్యం ఊరికే నిలబడుతుంది. భయమంతా అందులోనే ఉందండీ," అనేవాడు. ఆ మాట ఏదో రివ్యూలో చదివిందే.

"ఆయన సినిమా చూడరు, చదువుతారు," అనేది భార్య చంద్రిక.

నిజమే. ఆయన కళ్లు తెర అడుగున సబ్‌టైటిల్స్ దాటి పైకి వెళ్లేవి కావు. మాటలు ఆగిన చోట, అంటే దెయ్యం వచ్చే చోట, ఫోన్ తీసి మెయిల్ చూసుకునేవాడు. దాన్నే ధైర్యమనుకున్నాడు.

అక్టోబర్‌లో తెలుగు సంఘం తరఫున లైబ్రరీలో హారర్ సినిమాలు వేయాలనుకున్నారు. వాటిని జనానికి పరిచయం చేసే పని తనకే రావాలని విశ్వనాథం పట్టుదల. ఆ సంగతి తేల్చాల్సిన సంఘం కార్యదర్శి మీనాని ఒక శనివారం మామూలు స్నేహితులతో పాటు ఇంటికి పిలిచాడు. ఆవిడ మెచ్చుకోవాలని సినిమా డిస్క్ జపాన్ నుంచే తెప్పించాడు.

"ఇది నేను ఎనిమిదిసార్లు చూశాను మీనాగారూ."

సినిమా మొదలైంది. సబ్‌టైటిల్స్ రాలేదు. రిమోట్ మీద నొక్కగలిగినవన్నీ నొక్కాడు.

"పర్లేదండీ, సినిమాకి భాషేమిటి," అన్నాడు చివరికి.

తెర మీద ఒకావిడ సింక్ దగ్గర బియ్యం కడుగుతోంది. చదవడానికి ఏమీ లేదు. మీనా పక్కనే ఉంది కాబట్టి ఫోన్ తీయడానికీ లేదు. విశ్వనాథం తలెత్తాడు. ఆవిడ వెనక, తలుపు పక్కన, చీకటి కాస్త చిక్కగా ఉంది. దానికి భుజాలున్నాయి. కదలడం లేదు. బియ్యం కడిగే చప్పుడు తప్ప ఏమీ వినపడడం లేదు.

"అక్కడెవరో ఉన్నారు," అన్నాడు. లేచి వెళ్లి లైటు వేశాడు.

అందరూ ఆయన్నే చూశారు.

"ఇందాకటి నుంచీ ఉందిగా," అంది మీనా. "ఎనిమిదిసార్లు చూశానన్నారు?"

"ఈ ప్రింట్ వేరేలా ఉందండీ."

"అవునవును. ఇందులో దెయ్యాన్ని కూడా పెట్టారు," అంది చంద్రిక.

మిగతా సినిమా అంతా ఆయన లైటు స్విచ్ పక్కనే నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ, సినిమాల గురించి మాట్లాడే పని సంఘంలోనే ఉన్న ఉదయ్‌కి ఇస్తున్నామని మీనా చెప్పింది. "మీరు బ్రోషర్ ప్రూఫులు చూసిపెట్టండి విశ్వనాథంగారూ. చదవడం మీకు అలవాటేగా."

మర్నాడు పట్టపగలు ఆయన ఆ డిస్కే మళ్లీ పెట్టుకున్నాడు. చంద్రిక చిక్కుడుకాయలు తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"లైటు తీసేయనా?"

"వద్దు," అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు పక్కన కాదు, నా వెనక కూర్చో."