దిగుడు దేవ్లా జీపు

చర్ల సంతలో నిలబడి "దేవ్లా ఎక్కడ?" అని అడిగితే పదిమంది పది దిక్కులు చూపిస్తారు. "దిగుడు దేవ్లా" అనండి, చిన్నపిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. అదిగో, దవాఖానా గోడ పక్కన, ముక్కు రోడ్డువైపు పెట్టి ఆపిన పాత జీపు. దాన్ని గోడవైపు మొహం పెట్టి అతను ఏనాడూ ఆపడు. ఉరకాల్సి వస్తే రివర్సు కొట్టే తీరిక ఉండదని మిలిటరీలో నేర్పారట.

ఆ పేరు ఊరికే రాలేదు. చర్ల నుంచి ఎర్రచెలమ గూడేనికి అడవిలో మట్టిరోడ్డు. సగం దూరంలో వాగు మీద పెద్ద కల్వర్టు. అక్కడికి రాగానే జీపు ఆగుతుంది. "దిగుండ్రి" అంటాడు దేవ్లా. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, కోళ్లు చంకన పెట్టుకున్నవాళ్లూ, అందరూ దిగాల్సిందే. కల్వర్టు మీద నడిచి అవతల నిలబడితే, అతనొక్కడే ఖాళీ జీపు తోలుకొచ్చి "ఎక్కుండ్రి" అంటాడు. ఎండైనా అంతే, వానైనా అంతే. వానైతే మరీను!

ఇంకో చోద్యం ఉండేది. వెనకాల జనం ఒకరి ఒళ్లో ఒకరు కూచుని, కడ్డీలు పట్టుకుని వేలాడుతున్నా డ్రైవరు పక్క సీటు మాత్రం ఖాళీ. సర్పంచి వచ్చినా అందులో కూచోనిచ్చేవాడు కాదు. "ఆ సీటు ఎవరికోసమయ్యా, మీ అత్తగారికా?" అని ఎకసెక్కాలాడేవాళ్లు. దేవ్లా నవ్వకుండా గేరు వేసేవాడు.

లోకులు పలుగాకులని ఊరికే అన్నారా? నవ్వేవాళ్లు నవ్వుతారు. కాని ఆ మనిషి కథ తెలియకుండా నవ్వడం మహా తేలిక. తెలిశాక నవ్వండి చూద్దాం.

ఇల్లందు దగ్గరి తండాలో పుట్టాడు దేవ్లా. మీసం రాగానే మిలిటరీలో చేరాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో బెంగాలు సరిహద్దున లారీ నడిపి, ఒంటిమీద గీత పడకుండా తిరిగొచ్చాడు. తండావాళ్లు మేకను కోసి సంబరం చేసుకున్నారు. ములకలపల్లి వైపు తండా పిల్ల సక్రిని ఇచ్చి పెళ్లి చేశారు. పిల్లలు కలగలేదు. మిలిటరీ గడువు తీరాక పోలీసులో డ్రైవరుగా చేరి, చర్ల అవతల అడవి క్యాంపుకు వచ్చాడు. దేశం సరిహద్దులో తగలని దెబ్బ సొంత జిల్లాలో తగులుతుందా అనుకుని సక్రి గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. ఆమె తప్పేముంది, మనమైనా అంతే అనుకుంటాం.

క్యాంపులో ఒక కట్టుబాటు ఉండేది. కల్వర్టు వస్తే జీపులోని వాళ్లంతా దిగి, కిందా మీదా చూసుకుంటూ నడిచి దాటాలి. ఖాళీ బండిని డ్రైవరు తోలుకురావాలి. అడవిలోని నక్సలైట్లు మందుపాతర పెట్టి ఉంటే పోయేది అతనొక్కడే. దేవ్లా దాన్ని అన్యాయమనుకోలేదు, డ్రైవరు పని అదే అనుకున్నాడు. అయితే క్యాంపులో ఇంకో నమ్మకం ఉండేది, పై అధికారులెవరూ చెప్పనిది. వాన కురుస్తుంటే మందుపాతర పెట్టరని. బురదలో అడుగులు పడతాయి, వైర్లు నానతాయి, కాబట్టి వానరోజు మనదేనని.

ఎనభై ఏడు శ్రావణంలో ఒక పొద్దున ధారాపాతంగా వాన. ముందు సీట్లో హెడ్డు కానిస్టేబులు బసవపున్నయ్య. మధిర వైపు మనిషి, దేవ్లాను సొంత తమ్ముడిలా చూసేవాడు. వెనక కానిస్టేబుళ్లు రామ్‌చందర్, తుల్సీరాం. పెద్ద కల్వర్టు వచ్చింది. దేవ్లా బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఈ వానలో దిగి తడవాలటోయ్? ఎవడొస్తాడిప్పుడు? పోనియ్ తమ్ముడూ!" అన్నాడు బసవపున్నయ్య, బీడీకి అగ్గిపుల్ల గీస్తూ.

దేవ్లా పోనిచ్చాడు.

పెట్టినవాళ్లు ముందురోజే పెట్టి వెళ్లారు. తవ్విన జాడల్ని వానే కడిగేసింది. దేవ్లా ఎగిరి వాగునీళ్లలో పడ్డాడు. ఎడమ చెవి పోయింది, భుజం విరిగింది. మిగతా ముగ్గురూ అక్కడికక్కడే పోయారు. కట్టుబాటు ప్రకారం ఒక్కడే పోవాల్సిన చోట ఆ ఒక్కడే మిగిలాడు. ఇదేం న్యాయమో ఆ దేవుణ్ణే అడగాలి. నాకైతే తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

దవాఖానా నుంచి బయటికొచ్చాక కూచుని చేసే నౌకరీ ఇస్తామన్నారు. వద్దని రాసిచ్చి వచ్చేశాడు. చేతికొచ్చిన డబ్బుతో వేలంలో పాత మిలిటరీ జీపు కొన్నాడు. సొంతంగా కిరాయి బండి నడుపుకుంటానన్నాడు. మంచిదే. కాని లోకంలో రోడ్లే లేనట్టు ఏ రోడ్డు ఎంచుకున్నాడో చూడండి! చర్ల నుంచి ఎర్రచెలమకు, అదే కల్వర్టు మీదుగా. అప్పటికి దాన్ని కొత్తగా కట్టి, రెండువైపులా పిట్టగోడలు లేపారు.

సక్రి నెత్తీనోరూ కొట్టుకుంది. "సచ్చినోళ్ల కాడికే పోయి దుకానం పెడ్తవా? నీకు పానం మీద తీపి లేదా?"

"ఆ రోడ్డు మీద బండి నడవాలె సక్రీ. నడవకుంటే నేను ఆడనే ఆగిపోత," అన్నాడు దేవ్లా.

గూడెం జనానికి అప్పటిదాకా బండి లేదు. జ్వరమొస్తే మంచం మీద మోసుకెళ్లేవాళ్లు. కనుక జీపును నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పపువ్వు ఇచ్చి ఒకరు, చింతపండు ఇచ్చి ఒకరు ఎక్కేవాళ్లు. కాని దేవ్లాను మాత్రం ఎవరూ దగ్గరికి తీసుకోలేదు. పోలీసోడు పోలీసోడేనని గూడెం అనుమానం. అడవిలోవాళ్లకు బియ్యం మోస్తున్నాడేమోనని పోలీసుల అనుమానం. పాత క్యాంపువాళ్లు ఎదురుపడితే పలకరింపుకు బదులు జీపు సోదా చేసేవాళ్లు. అటు అడవికీ కాక, ఇటు సర్కారుకూ కాక, మధ్యలో మట్టిరోడ్డు ఒక్కటే అతనికి మిగిలింది.

ఎర్రచెలమలో తీసుకున్న గుడిసెలో సక్రికి కూడా అదే గతి. తొలకరి మట్టివాసనకు ఊరంతా ముక్కులు ఎగబీల్చి సంతోషపడుతుంటే దేవ్లా తలుపులు బిగించుకుని మూల కూచునేవాడు. నిద్రలో అరిచేవాడు. ఏమైందని అడిగితే లేచి జీపు తుడవడానికి పోయేవాడు. సంతకు తీసుకుపోతే కట్టుకున్న పెళ్లాన్ని కూడా వెనకాలే కూచోబెట్టేవాడు, కల్వర్టు దగ్గర అందరితోపాటు దింపేవాడు. ఒకసారి ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో, వానలో, పిట్టగోడ పట్టుకుని నడిచింది సక్రి. సూది వేయించుకుని దవాఖానా బయటికొచ్చి, జీపు ఎక్కలేదు. బస్టాండువైపు నడిచింది.

"నీ జీపుల సచ్చినోళ్లకు జాగ ఉన్నది, నాకు లేదు," అంది. "ఆ ముందు సీట్ల నన్ను కూసోబెట్టి, కల్వర్టు కాడ దించకుంట ఏనాడు తీస్కపోతవో, గా రోజు రా. వస్త. గప్పటిదాక నా మొకం సూడకు."

అన్న లాల్‌సింగ్ ఇంటికి వెళ్లిపోయింది. దేవ్లా ఆమెను తీసుకురావడానికి రెండుసార్లు తండాదాకా పోయాడు. ఊరి బయటే జీపు తిప్పుకుని వచ్చేశాడు. ఆమె అడిగిన మాట ఇవ్వడానికి నోరు రాలేదు. ఇవ్వకుండా పిలవడానికి మొహం చెల్లలేదు.

మూడేళ్లు అట్లా గడిచాయి. వండుకోవడం, తినడం, జీపు తుడుచుకోవడం. మాట్లాడే మనిషి లేక రోజంతా అతని నోట వచ్చేవి రెండే మాటలు. "దిగుండ్రి", "ఎక్కుండ్రి". నేనైతే ఆ బతుకు వారం బతకలేను.

పులిమీద పుట్రలా చర్లలో కిరాణా కొట్టు వెంకటప్పయ్య అదే రోడ్డు మీద కొత్త ట్రెక్కరు బండి దింపాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఆసామి, వ్యాపారం తెలిసినవాడు. "మా బండిలో దిగుడూ లేదు, ఎక్కుడూ లేదండీ! కూర్చుంటే కూర్చున్నట్టే దింపుతాం," అని సంతలో కేకలు పెట్టించాడు. ముందు సీట్లో కూడా ముగ్గురిని కుక్కేవాడు. జనం అటు మళ్లారు. జనాన్ని అని ఏం లాభం, వానలో దిగి నడవడం ఎవరికి సరదా?

ఒకనాడు దేవ్లా ఖాళీ జీపుతో తిరిగొస్తున్నాడు. కల్వర్టు దగ్గర అలవాటుగా ఆపాడు. "దిగుండ్రి" అన్నాడు. ఎవరూ దిగిన చప్పుడు కాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. జీపులో పురుగు కూడా లేదు. అప్పుడు భయమేసింది అతనికి, యుద్ధంలో కూడా వెయ్యనంత భయం.

మరుసటి సంతకు జీపెక్కింది ఒక్క ముత్తమ్మే. ఎర్రచెలమ కోయ ముసలమ్మ, నోట్లో ఎప్పుడూ పొగాకు.

"నువ్వెందుకు పోలేదమ్మా ఆ బండికి?" అని అడిగాడు దేవ్లా.

"నడుం పట్టేస్తది బిడ్డా. నీ కల్వర్టు కాడ దిగితే జర సాగినట్టయితది," అంది ముత్తమ్మ, పుక్కిట పొగాకు ఒకవైపుకు నెట్టి. "గాని నీ పెండ్లాం నడుం నొప్పికి పోలేదు గద? పోయి తీస్కరా. ఖాళీ సీటును ఎన్నేండ్లు మోస్తవు?"

ఆ మాట అతనికి కుడిచెవిలో పడింది. అదృష్టమే.

తొంభై మూడు ఆషాఢంలో తండాకు వెళ్లాడు. ఈసారి జీపు తిప్పలేదు. సక్రి పత్తిచేనులో కలుపు తీస్తోంది. లేచి, చేతుల మట్టి దులుపుకుంటూ గట్టు మీదికి వచ్చింది.

"ముందు సీటు?"

"నీదే."

"కల్వర్టు కాడ?"

"దించ."

సక్రి మూట సర్దుకుని ముందు సీట్లో ఎక్కి కూచుంది. "నీ చెవి లేని దిక్కు కూసున్న. ఇగ నా తిట్లు నీకు ఇనబడవు, బతికిపోయినవ్," అంది. లాల్‌సింగ్ విరగబడి నవ్వాడు. దేవ్లా మాత్రం చూపు రోడ్డు మీదే పెట్టి జీపు కదిలించాడు.

భద్రాచలం వంతెన దాటారు, దుమ్ముగూడెం దాటారు, చర్ల దాటారు. మట్టిరోడ్డు ఎక్కేసరికి మబ్బు కమ్మింది. కల్వర్టు కనబడింది. తొలి చినుకులు పడ్డాయి, మట్టివాసన లేచింది. దేవ్లా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"సక్రీ... దిగు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"మాటిచ్చినవ్," అంది సక్రి.

"అవ్, ఇచ్చిన. నాతోని అయితలేదు." బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. "సచ్చుడుకు భయం లేదు సక్రీ. మళ్ల నేనొక్కన్నే మిగుల్తనేమోనని భయం."

ఇన్నేళ్లలో ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. సక్రి దిగింది. ఇంకేం, వెనక్కి తండాకు నడుస్తుందనుకున్నాడు దేవ్లా. ఆమె జీపు ముందునుంచి చుట్టి అతనివైపుకు వచ్చి నిలబడింది.

"నువ్వు సుత దిగు."

"ఏంది?"

"గూడెం గూడెమంత దీని మీద నడిచింది. కోళ్లు నడిచినయి, మేకలు నడిచినయి. జరంల నేను నడిచిన. నువ్వు ఎన్నడన్న నడిచినవా?"

నిజమే. జీపు చక్రాలే తప్ప దేవ్లా పాదం దాని మీద పడలేదు. సక్రి చెయ్యి పట్టుకుని లాగింది. దిగాడు. చెప్పులు జీపులోనే వదిలేశాడు. వానలో ఇద్దరూ నడిచారు. మధ్యలో దేవ్లా పిట్టగోడ మీద కూలబడి, "బసవపున్నయ్యన్నా" అన్నాడు. "రామ్‌చందర్. తుల్సీరాం." పేర్లు పైకి పలికి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. సక్రి ఊరుకోమని అనలేదు. పక్కన కూచుని, వాన తగ్గేదాకా అతన్ని ఏడవనిచ్చింది.

లేచి అవతలి ఒడ్డు చేరారు. సక్రి వెనక్కి చూసింది. అవతల జీపు ఒంటరిగా గుడగుడమంటూ నిలబడి ఉంది.

"ఓయమ్మో! ఇప్పుడు దాన్నెవరు తెస్తరు? మా అన్నొచ్చి తెస్తడా?"

దేవ్లా నవ్వాడు. ఆ నవ్వు అతనికే కొత్తగా వినబడింది. ఇద్దరూ మళ్లీ వెనక్కి నడిచారు. సక్రి ముందు సీట్లో ఎక్కి కూచుంది. దేవ్లా ఈసారి దిగమనలేదు. జీపు కల్వర్టు దాటింది.

అంతటితో అతని అలవాటు పోయిందనుకునేరు, పోలేదు. సంతరోజు ముత్తమ్మా, ఇంకో నలుగురూ ఎక్కారు. కల్వర్టు దగ్గర జీపు ఆగింది. "దిగుండ్రి" అన్నాడు దేవ్లా. ముత్తమ్మ నడుం పట్టుకుని మూలుగుతూ దిగింది, వెనకాల వాళ్లందరూ దిగారు.

ముందు సీట్లోంచి సక్రి దిగలేదు. దేవ్లా ఆమెవైపు ఒకసారి చూసి గేరు వేశాడు.